కొలువు కింద పట్టాలు: బొమ్మరైలు లోకంపై ఒక సింహావలోకనం

కాణిపాకానికి రైలు లేదు. వరసిద్ధి వినాయకుణ్ణి చూడాలని రైలెక్కినవాళ్లు చిత్తూరులోనో, పాకాలలోనో, తిరుపతిలోనో దిగి బస్సో ఆటోనో పట్టుకుని రావలసిందే. చిత్తూరు నుంచి సుమారు 12 కిలోమీటర్లు. అయినా ఈ ఊరికి రైలు రాలేదంటే నేనొప్పుకోను. చవితినాడు మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాల అంగళ్లకు మొదట రేకు రైలు వచ్చింది, తరువాత ప్లాస్టిక్‌ది వచ్చింది, ఆపైన బ్యాటరీది వచ్చింది. పిల్లల చంకనెక్కి ఇళ్లకు చేరింది. చవితి సందడి సద్దుమణిగేసరికి దసరా. రాయలసీమలో బొమ్మల కొలువు పెట్టేది అప్పుడే. జాతరలో కొన్న ఆ రైలే కొలువు మెట్ల కింద, నేల మీద పరిచిన తోటలో, గుండ్రంగా తిరిగింది.

బొమ్మరైలు చరిత్రను జర్మనీతో మొదలుపెట్టడం రివాజు. రైలు వరకూ అది సబబే. కానీ మోడల్ రైల్వే అంటే ఒక్క రైలే కాదు. రైలు పోయే కొండ, దాటే ఏరు, ఆగే ఊరు, ఆ ఊళ్లో ఎదురుచూసే మనుషులు, అంతా కలిస్తేనే మోడల్. ఒక బల్ల మీద చిన్న లోకాన్ని నిలబెట్టే ఆ పనిని మన ఇళ్లలో రైలు పుట్టకముందు నుంచే చేస్తున్నారు. చేసింది ఆడవాళ్లు. అందుకే తెలుగువాళ్ల బొమ్మరైలు కథ కొలువు అడుగు మెట్టు దగ్గర మొదలు కావాలని నా వాదన.

కొలువు పై మెట్ల మీద దేవుళ్లుంటారు, కలశముంటుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఎర్రచందనంతో చేసిన మరపాచి జంటకు ప్రత్యేకమైన చోటు. పెళ్లిలో పుట్టింటివారిచ్చిన ఆ జంటతోనే కొత్త కోడలి కొలువు మొదలయ్యేది. కిందికి వచ్చేకొద్దీ దేవుళ్లు తగ్గి మనుషులు పెరుగుతారు. చెట్టియారు తన దుకాణంలో కూర్చుంటాడు, కల్లుగీత కార్మికుడు తాడిచెట్టెక్కుతాడు, పెళ్లి ఊరేగింపు సాగుతుంది. అసలు ముచ్చటంతా అన్నిటికన్నా కింద, మెట్లు అయిపోయిన చోట ఉంటుంది. తాంబాళంలో మట్టి పోసి రాగులో ఆవాలో చల్లితే నాలుగైదు రోజులకు పచ్చిక లేస్తుంది. అద్దం ముక్క పెట్టి అంచులకు ఇసుక పోస్తే చెరువు. గంజి పెట్టిన గోనెపట్టాను ముడతలు పెట్టి ఆరనిస్తే కొండ. ఈనాడు మోడల్ రైల్వే వాళ్లు గడ్డి కోసం నైలాన్ నూగు కొంటారు, నీళ్ల కోసం రెజిన్ పోస్తారు, కొండ కోసం ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డ పరుస్తారు. గంజి బదులు ప్లాస్టర్ వచ్చిందే గానీ పనిలో మార్పేమీ లేదు.

ఆ బొమ్మలు చేసేవాళ్ల విద్య కూడా దీనికి దగ్గరిదే. కృష్ణా తీరాన కొండపల్లిలో తెల్ల పొణికి చెక్క మీద బొమ్మ చెక్కుతారు. చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అదే మక్కుతో పగుళ్లు పూడుస్తారు, ముక్కూ చెవులూ దిద్దుతారు. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కరంగు ఎక్కిస్తారు. మన పక్కనే శ్రీకాళహస్తి దారిలో మాధవమాల చెక్క శిల్పులున్నారు, పలమనేరులో మట్టిబొమ్మల వాళ్లున్నారు. వీళ్లలో ఎవరికీ బొమ్మ ఎంత చిన్నదిగా ఉండాలన్న నియమం లేదు. కొలువులో ఏనుగు కన్నా చిలుక పెద్దదైనా ఎవరూ నొచ్చుకోరు. సాక్షాత్తూ కాణిపాకం స్వామే పెరుగుతుంటాడని, ఏళ్ల కిందట భక్తులు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదని ఇక్కడివారి నమ్మకం. దేవుడి కొలతే మారే ఊళ్లో బొమ్మ కొలతను పట్టించుకునేదెవరు? కొలత పట్టింపు వచ్చింది పడమటి నుంచే.

అక్కడ ఏం జరిగిందో చూద్దాం. 1859లో ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ తన చిన్నారి కొడుకు ఆడుకోవడానికి సాఁ క్లూ రాజోద్యానంలో ఒక బొమ్మరైలు దారి వేయించాడు. ఇంజన్లు తాళం తిప్పితే నడిచేవి. ఆ కాలంలో బొమ్మ ఇంజను ఎవరికి తోచినంత వారు చేసేవారు, ఒకరి బండి మరొకరి పట్టాల మీద ఎక్కేది కాదు. 1891లో లైప్‌జిగ్ సంతలో మార్క్‌లిన్ అనే జర్మన్ బొమ్మల కంపెనీ పట్టాల వెడల్పులకు నంబర్లు పెట్టి, ఎనిమిది అంకె ఆకారపు దారితో, ఎన్ని ముక్కలైనా చేర్చి పెంచుకోదగ్గ రైలును ప్రదర్శించింది. ఈ ఏడాది రైలు, వచ్చే ఏడాది స్టేషను, ఆ పై ఏడు వంతెన కొనుక్కోవచ్చు. ఒక్కసారి కొన్నవాణ్ణి వదలకుండా పట్టుకునే ఆ వ్యాపార కిటుకుతోనే బొమ్మరైలు ఒక వ్యసనంగా మారింది.

ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తాళం తిప్పే రైళ్లు అమ్మకానికి తెచ్చాడు. అప్పటి పట్టాల వెడల్పు 32 మిల్లీమీటర్లు. ఇల్లు ఎంత పెద్దదైనా చాలేది కాదు. అందులో సగమన్న లెక్కన వచ్చింది హెచ్‌ఓ, అసలులో 87వ వంతు, పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండు ఇంజన్లు యూరప్ ఇంజన్ల కన్నా ఇరుకు కావడంతో ఆ కొలతలో మోటారు పట్టలేదు. అక్కడివాళ్లు పట్టాలను అలాగే ఉంచి పైన ఇంజనును మాత్రం 76వ వంతుకు పెంచేశారు. 1938లో హార్న్‌బీ డబ్లో ఆ లెక్కతోనే వచ్చింది. కొలత కోసం ప్రాణం పెట్టే జనం ఈ అవకతవకను ఇన్నేళ్లుగా ఎలా సహిస్తున్నారో నాకు అంతుపట్టదు. తరువాత 160వ వంతు వచ్చింది. 1972లో మార్క్‌లిన్ వాళ్లే 220వ వంతు తెచ్చారు, ఆ రైలు చిన్న పెట్టెలో పట్టేస్తుంది.

మన దేశంలో పేరుపడ్డ తొలి బొమ్మరైలు మహారాజుది. గ్వాలియర్‌లో సింధియాల జయ్ విలాస్ రాజభవనంలో భోజనాల బల్ల మీద వెండి రైలు తిరిగేది. దాని డబ్బాల్లో బ్రాందీ, చుట్టలు అతిథుల దగ్గరికి వెళ్లేవి. అది ఇప్పటికీ చూపరుల కోసం అక్కడ ఉంది.

ఇక అసలు రైలు. మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది 1856 జూలై 1న. ఆ పెద్ద పట్టాల దారి తరువాత జోలార్‌పేట మీదుగా బెంగళూరుకు పోతూ మన కుప్పాన్ని తాకింది. మరో దారి అరక్కోణం, రేణిగుంట, కడప మీదుగా రాయచూరుకు సాగింది. మధ్యలో చిత్తూరు, మదనపల్లె సీమ మిగిలిపోయింది. 1870లో లార్డ్ మేయో ప్రభుత్వం ఖర్చు తగ్గుతుందని మీటరు వెడల్పు పట్టాలకు ఒప్పుకుంది. ఆ నిర్ణయం ఫలితమే 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే మన జిల్లాలో వేసిన దారి. కాట్పాడి నుంచి చిత్తూరు, పూతలపట్టు, పాకాల; పాకాలలో ఒక పాయ చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, వెంకటగిరి మీదుగా గూడూరుకు; రెండో పాయ దామలచెరువు, పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి. ధర్మవరం పాయ ఒక్కటే 220 కిలోమీటర్ల పైచిలుకు. వందేళ్లు పైగా ఈ సీమ మామిడికీ బెల్లానికీ చెనక్కాయలకూ, తిరుపతి యాత్రికులకూ ఆ దారే దిక్కు.

అది పెద్ద బండి కాదు. పెట్టె వెడల్పు తొమ్మిది అడుగులు. గుట్టల మధ్య వంపులు తిరుగుతూ పోయేది. వై.పి. తరగతి ఆవిరి ఇంజన్లు జంషెడ్‌పూర్‌లో టెల్కో వాళ్లు చేసినవి, తరువాత వై.డి.ఎం.-4 డీజిళ్లు. ఒంటి పట్టాల దారి కనుక స్టేషను మాస్టరు టోకెన్ ఇస్తేనే బండి కదలాలి. వెదురు ఉంగరానికి సంచీ కట్టి, అందులో టోకెన్ బంతి వేసి, నడుస్తున్న ఇంజనులోకి అందించేవారు. ఆ సీన్ గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉన్నారు.

బొమ్మ నుంచి నమూనాకు మారడం ప్రపంచంలో ఒక్కసారిగా జరగలేదు. దానికి కారకులైన ముగ్గురి గురించి చెప్పాలి, అందులో ఒకరి గురించి కాస్త ఎక్కువగా. ఇంగ్లండులో జాన్ అహెర్న్ 1940ల ప్రాంతంలో మ్యాడర్ వ్యాలీ అనే ఊహా లోయను కట్టి, రైలు కన్నా ఊరే ముఖ్యమని చూపించాడు. అమెరికాలో కాలిఫోర్నియా మాంటెరేలో జాన్ అలెన్ తన ఇంటి కింద గోరీ అండ్ డఫీటెడ్ అనే కొండదారి రైల్వే కట్టాడు. ఇంజనుకు మసి, పెట్టెకు తుప్పు, కప్పుకు వాన చార పట్టించడం అతని చేతిలో విద్య అయింది. 1973 జనవరిలో అతను చనిపోయాడు. కొద్ది రోజులకే ఆ కట్టడం అగ్గికి ఆహుతైంది. మిగిలింది ఫోటోలే.

మూడోవాడు రాయ్ ఇంగ్లండ్. పుట్టింది ఆస్ట్రేలియాలో. 1925లో ఇంగ్లండు వచ్చి వైట్ హార్స్ లోయ పల్లెలు చూసి అక్కడే ఉండిపోయాడు. తన కళ్లముందే పాత గడ్డికప్పు ఇళ్లు పడగొట్టి, కొత్త పెంకులు, రేకులు వేస్తున్నారు. ఆపడం తన వల్ల కాదు. కొలవడం వల్ల అవుతుంది. టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, గోడ పొడవు, కిటికీ ఎత్తు, ఇటుక వరసలు రాసుకున్నాడు. వాటిని 76వ వంతులో, అట్టతో, కాగితంతో, నీటిరంగులతో కట్టాడు. ఒక్కో ఇంటికి నెలలు పట్టేవి. తోటలో మొక్క మొక్కకూ ఆకు కత్తిరించి అతికించేవాడు. 1954లో దానికి పెండన్ అనే మ్యూజియం పెట్టాడు. అది ఇవాళా ఉంది. అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ కూడా చివరకు అక్కడికే చేరింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అందరికన్నా పెద్దవాడుగా కనిపించేది ఈ మనిషే. అతను కట్టింది తన బాల్యం కాదు, తన దేశం కూడా కాదు.

ఇదే కాలంలో మరో పాయ వేరే వైపు పోయింది. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 1946లో మోడల్ రైల్వే క్లబ్బు పెట్టారు. అందులో కొందరికి చెట్లూ స్టేషన్లూ కావాలి. కొందరికి బల్ల కింద వైర్లే కావాలి. టెలిఫోన్ ఎక్స్చేంజీల రిలేలతో వాళ్లు రైళ్లను నడిపే యంత్రాంగం కట్టారు, అక్కడినుంచి కంప్యూటర్ల మీద పడ్డారు. హ్యాకర్ అన్న మాటను ఇవాళ హైదరాబాదులో ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు గానీ, అది ఈ రైలుబల్ల కిందనుంచే కంప్యూటర్ లోకానికి పాకిందని చాలామందికి తెలియదు.

మన దగ్గర ఈ సరదా ఎందుకు పాకలేదు? ఇంట్లో చోటు లేదనేది సగం నిజం. స్వాతంత్ర్యం తరువాత దశాబ్దాల పాటు దిగుమతుల మీద కట్టడి ఉండేది. విదేశం వెళ్లొచ్చిన బంధువు తెస్తేనే ఒక ఇంజను. దానికి పాడైన భాగం దొరకదు. అందుకే మన తొలి ఔత్సాహికులు కొనేవాళ్లు కాదు, చేసుకునేవాళ్లు. పుణేలో భావూసాహెబ్ జోషీ ఏళ్ల తరబడి రైళ్లూ సిగ్నళ్లూ ఊళ్లూ తన చేతుల మీద తయారుచేసి నిలబెట్టిన నమూనా నగరం 1998 ఏప్రిల్ 1న జనానికి తెరుచుకుంది. కోత్రూడ్‌లోని ఆ మ్యూజియం చూసిన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. ఢిల్లీలో 1977లో జాతీయ రైలు మ్యూజియం వచ్చింది. చెన్నైలో ఐ.సి.ఎఫ్. మ్యూజియం మనకు దగ్గరిది. తెలుగుగడ్డ మీద మాత్రం మన రైలు దారినే కొలిచి కట్టిన, పేరున్న నమూనా ఒకటి నా ఎరుకలో లేదు. ఇంజనీరింగ్ కాలేజీల ప్రదర్శనల్లో ప్లాస్టిక్ రైలుకు సెన్సారు తగిలించి గేటు దానంతట అది పడేలా చేసి చూపిస్తుంటారు. అది ఎం.ఐ.టి. కుర్రాళ్ల దారి. అహెర్న్ దారిలో ఎవరూ నడవలేదు.

ఇంకో చిక్కు పట్టాల వెడల్పుది. మన పెద్ద పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువ దేశాలది 1,435. హెచ్‌ఓ కొలతలో మన పట్టాలు 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. అంగట్లో దొరికేది 16.5. దాని మీదే రాజధానినో, వందే భారత్‌నో నడిపితే పైన బండి సరైనదే, కింద కాళ్లు మాత్రం దగ్గరగా ముడుచుకున్నట్టు ఉంటాయి. మీటరు గేజికి ఈ బాధ లేదు. 1,000ని 87తో భాగిస్తే 11.5. స్విట్జర్లాండు కొండ రైళ్ల కోసం బెమో లాంటి జర్మన్ కంపెనీలు 12 మిల్లీమీటర్ల పట్టాలు ఎన్నాళ్లనుంచో అమ్ముతున్నాయి. అర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. అంటే ఆల్ప్స్ పట్టాల మీద మన పాకాల బండి తప్పు లేకుండా నడుస్తుంది. పెద్ద పట్టాలు నమూనా చేసేవాడికి ఇవ్వని వెసులుబాటు చిత్తూరు చిన్న పట్టాలు ఇస్తున్నాయన్నమాట.

కట్టాలంటే ఎలా? మొత్తం దారి కట్టాలనుకుంటే పని కాదు. చిత్తూరు నుంచి కాణిపాకం వరకున్న 12 కిలోమీటర్లే 87వ వంతులో 138 మీటర్లవుతుంది, మిద్దె మీద కూడా పట్టదు. ఒక చిన్న స్టేషను, దాని రెండు వైపులా కాస్త దారి, చాలు. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక. మీటరు గేజి పెట్టె 19.5 మీటర్లు, అంటే నమూనాలో 22 సెంటీమీటర్ల పైన. నాలుగు పెట్టెలూ ఒక వై.పి. ఇంజనూ కలిస్తే నూటపన్నెండు సెంటీమీటర్లు. ఇంజను పెద్ద చక్రం 16 మిల్లీమీటర్లు, పావలా బిళ్ల కన్నా చిన్నది. వంపుల దగ్గర రాజీ పడక తప్పదు. మీటరు గేజిలో రైల్వే ఒప్పుకునే అతి ఇరుకు వంపు వ్యాసార్ధం 109 మీటర్లు. నమూనాలో అది మీటరుం పావు. అంగట్లో అమ్మే వంపు ముక్కలు అందులో మూడో వంతు ఉంటాయి. వాటి మీద పొడుగు పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి. ఈ దేశపు ఇళ్లలో గుండ్రంగా తిప్పే ఆశ మానేసి, గోడ వెంబడి తిన్నగా వేసుకోవడమే ఉత్తమం.

కంకర దగ్గర చాలామంది పని చెడుతుంది. అసలు కంకర రాయి 50 నుంచి 65 మిల్లీమీటర్లు. 87వ వంతులో అది అర నుంచి ముప్పావు మిల్లీమీటరు, ముతక బొంబాయి రవ్వ అంత. నది ఇసుక తెచ్చి పోస్తే పట్టాల మధ్య గుండ్లు దొర్లినట్టుంటుంది. చిత్తూరు జిల్లాలో గ్రానైట్ కోసే యూనిట్ల దగ్గర రాతిపొడి గుట్టలుగా పడి ఉంటుంది. దాన్ని తెచ్చి, ముందు పిండి జల్లెడలో పోసి పెద్దవి తీసేయాలి, తరువాత పల్చటి గుడ్డలో జల్లించి దుమ్ము తీసేయాలి, మధ్యలో మిగిలిందే మన కంకర. స్లీపరు ముక్కలు 21 మిల్లీమీటర్ల పొడవు, రెండుంపావు మిల్లీమీటర్ల వెడల్పు. అన్నీ ఒకే రంగు వేస్తే ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. పాత స్లీపరు నలుపూ కాదు, గోధుమా కాదు, ఎండకు వెలిసిన బూడిద. నాలుగు స్లీపర్లకొకటి ముదురు, పదింటికొకటి కొత్తది. కంకర పరిచాక చుక్కల మందు సీసాతో పలుచటి ఫెవికాల్ నీళ్లు వదలాలి. ఆ నీళ్లలో రెండు చుక్కల అంట్లసోపు కలిపితేనే లోపలికి ఇంకుతుంది, లేకపోతే కంకర ముద్దలు కడుతుంది. పట్టాల పక్కలకు తుప్పు రంగు, పైభాగం మాత్రం తుడిచి మెరిపించాలి, లేకపోతే కరెంటు అందదు. స్టేషనుకు దగ్గరలో, ఇంజను ఆగే చోట, కంకర మీద ఒక నల్లటి నూనె మరక. అది లేనిదే అక్కడ రైలు ఆగిందని నమ్మకం కలగదు.

ఊరు ఎలా ఉండాలో పుస్తకం చూసి కాదు, కిటికీలోంచి చూసి కట్టాలి. మన గుట్టల మీద రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి. ఈ గుండ్లకు థర్మోకోల్ పనికిరాదు, కాలిన బొగ్గు చిట్టెం ముక్కలు మీద సున్నపు రంగు పూస్తే సరిగ్గా కుదురుతాయి. మామిడిచెట్టు తొమ్మిది సెంటీమీటర్లు, గొడుగులా గుండ్రంగా, కొమ్మలు నేలకు దగ్గరగా. ఎండు గోరింట రెమ్మలకు రంగు పొట్టు అతికిస్తే అచ్చం తోతాపురి తోట. చెరుకు తోట పక్కన బెల్లం వండే కొట్టం, దాని కప్పుకు పొగ మసి. బాహుదా లాంటి ఏరు కట్టేవాళ్లు రెజిన్ మీద డబ్బు పోయనక్కర్లేదు, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ ఇసుకే. ఆ ఇసుక మధ్య ఒక చెలమ, చెలమ దగ్గర రెండు బిందెలు పెడితే చాలు. మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. జర్మనీ నుంచి వచ్చే పాకెట్లలో కోటు తొడిగిన మనుషులుంటారు. వాళ్లకు మైనపు ముద్దతో పంచె కట్టాలి, నెత్తిన తలగుడ్డ చుట్టాలి. కాణిపాకం భక్తుడంటే ఇంకో సులువుంది, తలకు రంగు వేయకుండా వదిలేస్తే గుండు.

ఇన్నాళ్లూ చేతిపనిగా సాగిన ఈ లోకాన్ని గత ముప్పయ్యేళ్లు గుర్తుపట్టలేనంత మార్చేశాయి. 1990లలో ఒక్కో ఇంజనుకు ఒక్కో నంబరు ఇచ్చి, ఒకే పట్టాల మీద వేర్వేరు బళ్లను వేర్వేరు వేగాల్లో నడిపే డిజిటల్ పద్ధతి చాలా కంపెనీలకు ప్రమాణమైంది. 2001లో హాంబుర్గ్‌లో కవలలైన బ్రౌన్ సోదరులు మినియాటుర్ వుండర్‌లాండ్ అనే నమూనా రైళ్ల ప్రదర్శనశాల తెరిచారు. ఆ 87వ వంతు లోకంలో విమానాశ్రయంలో విమానాలు కూడా లేచి దిగుతాయి. జర్మనీలో జనం అతి ఎక్కువగా చూసే చోట్లలో అదొకటి. ఇక ఇంజను పై డొక్కును త్రీడీ ప్రింటరు రాత్రికి రాత్రి అచ్చు వేసి పెడుతుంది. వై.పి. ఇంజను ఏ కంపెనీ చేయకపోతే మనమే గీసుకుని చేసుకోవచ్చు. చేతులకు పని తగ్గింది. లెక్క మాత్రం తగ్గలేదు, పెరిగింది, ఎందుకంటే యంత్రానికి సరైన కొలతలిస్తేనే సరైన ముక్క వస్తుంది.

మన చిక్కల్లా ఆ కొలతల దగ్గరే. 1992లో రైల్వే యూనిగేజ్ పథకం మొదలుపెట్టి మీటరు గేజి దారులన్నిటినీ పెద్ద పట్టాలకు మార్చసాగింది. కాట్పాడి–తిరుపతి దారి ముందు మారింది, పాకాల–ధర్మవరం దారి 2010 ప్రాంతంలో మారింది. ప్రయాణికుడిగా నాకేమీ ఫిర్యాదు లేదు. పాకాలలో దిగి బండి మారే పని తప్పింది, చిత్తూరు నుంచి హైదరాబాదుకు ఒకే పెట్టెలో కూర్చుని పోతున్నాం. మార్పు మంచిదే. కానీ మార్చిన తీరులో ఒక నష్టం ఉంది. పాత రెక్క సిగ్నళ్లు తుక్కు కింద పోయాయి. టోకెన్ యంత్రాలు పోయాయి. ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టాలు పోయాయి. ప్లాట్‌ఫారాలు ఎత్తు పెంచి, పాత స్టేషను గదుల పక్కన కొత్తవి కట్టారు. రైల్వేకు చిత్రపటాలుంటాయిలే అనుకుంటాం. ఆఫీసు పటంలో గోడ పొడవుంటుంది. గోడకు ఏ రంగు వేశారో, సిమెంటు బెంచీ మీద ఎవరి పేరుండేదో, పాయింట్‌మన్ గది ముందు ఏ చెట్టుండేదో అందులో ఉండదు. నమూనా చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే.

రాయ్ ఇంగ్లండ్ పల్లెలను కొలిచేటప్పటికి ఇళ్లు కూలుతున్నాయి గానీ పూర్తిగా కూలలేదు. మనమూ ఇంచుమించు అక్కడే ఉన్నాం. చిత్తూరు, పూతలపట్టు, పాకాల, దామలచెరువు, పీలేరు దారిలో మీటరు గేజి కాలం ఆనవాళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలున్నాయి. ఆ కాలంలో పనిచేసిన గ్యాంగ్‌మన్లు, డ్రైవర్లు, స్టేషను మాస్టర్లు పింఛను తీసుకుంటూ ఈ ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల పెట్టెల్లో బదిలీ నాటి గ్రూపు ఫోటోలుంటాయి, వెనక స్టేషను కనిపిస్తుంటుంది. మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే దాని వెనక ఊరు పేరు, ఏడు రాసి పెట్టండి. మీ తాత రైల్వేలో చేసి ఉంటే, పక్కన కూర్చుని సిగ్నలు ఎక్కడుండేదో, నీళ్ల గొట్టం ఏ వైపుండేదో అడిగి ఒక కాగితం మీద గీయించుకోండి. పాత గది ఏదైనా నిలిచి ఉంటే, స్టేషను మాస్టరు అనుమతి తీసుకుని టేపుతో కొలిచి రాసుకోండి, తలుపు ఎత్తుతో సహా. వచ్చే దసరాకు కొలువు కింద రైలు పెట్టాలనుకునేవాళ్లు జాతరలో కొన్న ప్లాస్టిక్ రైలే పెట్టండి, తప్పులేదు. దాని పక్కన అట్టతో ఒక్క స్టేషను కట్టి, బోర్డు మీద పాకాల జంక్షన్ అని మూడు భాషల్లో రాయండి.